రాహుకాలంలో గట్టిమేళం

తాళి ఒకసారి కట్టినాక, ఫొటో కోసం మళ్ళీ కట్టినట్టు చెయ్యమనడం పాపమా కాదా అన్న సందేహం నాకు పద్ధెనిమిదేళ్ళుగా ఉంది.

పెళ్ళి ఫొటోలు తీసేవాడికి ఇలాంటి సందేహం రాకూడదు. "పంతులుగారూ, ఒక్క నిమిషం" అని నేను ఆపని పెళ్ళి కొడవలూరు చుట్టుపక్కల లేదు. తలంబ్రాలు రెండోసారి పోయించాను. అరుంధతి మబ్బుల్లో ఉంటే ట్యూబ్‌లైటు వైపు వేలు చూపించమన్నాను. అప్పగింతల్లో ఏడుపు ముందే అయిపోతే మళ్ళీ ఏడవమన్నాను. పాపం, ఏడ్చారు. రోజూ పొద్దున పెంచలకోన నరసింహస్వామి పటానికి దీపం పెట్టి, నా చేత అబద్ధం ఆడించకు స్వామీ అని దణ్ణం పెట్టుకుని, కెమెరా తగిలించుకుని పోయి ఈ పనులు చేసేవాణ్ణి.

వీటన్నిటిలోకీ నన్ను వదలకుండా పట్టుకున్నది మా మరదలు మస్తానమ్మ పెళ్ళి.

మస్తానమ్మ నా భార్య ఉషారాణికి చెల్లెలు. దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. ఆమెకు కుదిరిన సంబంధం కూడా మొక్కుబడి పేరే, హజరత్తయ్య. ట్రాక్టరు తోలతాడు. మంచివాడు, మొహమాటస్తుడు. ఆ పెళ్ళిలో కామాక్షయ్య పంతులుగారు గట్టిమేళం అని చెయ్యి ఎత్తే సమయానికి నా కెమెరాలో రీలు అయిపోయింది. కొత్తది ఎక్కించేలోపు మూడు ముళ్ళూ పడ్డాయి, అక్షింతలూ పడ్డాయి, డోలాయన డోలు దించేశాడు. నేను మామూలుగానే ఒక్క నిమిషం అన్నాను. హజరత్తయ్య చేతులు మళ్ళీ పెళ్ళికూతురి మెడ వెనక పెట్టి, నా వైపు తిరిగి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. ఫొటో చాలా శుభ్రంగా వచ్చింది.

ఆరు నెలల తర్వాత మస్తానమ్మ ఆల్బం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"బావా, తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగాల గదా?"

"అవును."

"మరి డోలాయన వడ తింటా ఉండాడేంది?"

చూశాను. హజరత్తయ్య భుజం వెనక డోలాయన, సగం కొరికిన వడతో, ఎంతో ప్రశాంతంగా నిలబడి ఉన్నాడు.

అప్పటినుంచి నేను ఆమెకు ఒక ఫొటో బాకీ. రేషన్ షాపు దగ్గర కనబడినా, గుడి వరసలో కనబడినా, నా ఫొటో ఎప్పుడిస్తావు బావా అనేది. నవ్వుతానే అనేది. కానీ ఒక్కసారి కూడా అనకుండా వదల్లేదు.

ఒకసారి మనసు ఆగక కామాక్షయ్యగారినే అడిగాను. "దేవుడు మొదటిదే చూస్తాడు నాయనా, చుట్టాలు రెండోది చూస్తారు" అన్నారు ఆయన. ఆ మాట నాకు సగమే ఆనింది. ఇంట్లో మిగిలేది చుట్టాలు చూసినదే గదా.

మొన్న ఎండాకాలం మా కాలవకు ఎడగారుకు, అంటే రెండో పంటకు, నీళ్ళు వదల్లేదు. నాట్లు లేవు. నాట్లకు పోయే ఆడవాళ్ళంతా ఇళ్ళల్లో కూర్చుని, టీవీలు చూసి, ఒకళ్ళతో ఒకళ్ళు తగాదాలు పడుతున్న రోజుల్లో రైసుమిల్లు నరేంద్రబాబు వాళ్ళ అమ్మ పేరు మీద ఆడవాళ్ళకు కబడ్డీ పోటీలు పెట్టాడు. పెళ్ళయినవాళ్ళకు మాత్రమే. గెలిచిన జట్టులో మనిషికో గ్రైండరు. ఆరు ఊళ్ళ జట్లు, ఆరు ఆదివారాలు, సాయంత్రం నాలుగున్నరకు ఆట. ఆఖరి ఆదివారం ఫైనల్.

ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆ మాటే ఆయనకు చెప్పాను. "రెండు జట్లకూ రాహుకాలమేలే అన్నా, తేడా ఏముంది?" అన్నాడు.

మస్తానమ్మ పదో తరగతి దాకా బడిలో కబడ్డీ ఆడింది. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. తన నాట్ల ముఠా నుంచే తనతో కలిపి ఏడుగురిని పోగేసింది. వాళ్ళు ఆడతారా అని ఊళ్ళో నవ్వుకున్నారు గానీ నేను నవ్వలేదు. నాట్లు వేసేవాళ్ళు రోజంతా వంగి వెనక్కి నడుస్తారు. గట్టు ఎంత దూరంలో ఉందో వాళ్ళకు తిరిగి చూడకుండానే తెలుస్తుంది. కబడ్డీలో కూతకు పోయిన మనిషికి ఇంకేం కావాలి?

హజరత్తయ్య మాత్రం ఆడుకోమన్నాడు గానీ చూడ్డానికి రానన్నాడు. "నా పెళ్ళాన్ని ఏడుగురు కిందేసి తొక్కతా ఉంటే నేను చప్పట్లు కొట్టాలా అన్నా?" అని నాతో వాపోయాడు.

ఫొటోల పని నరేంద్రబాబు నాకు అప్పగించాడు. పాతికేళ్ళ అనుభవం, పెద్ద కెమెరా, కాదనడానికి ఏముంది అనుకున్నాను. పరిగెత్తే మనుషుల్ని మాత్రం నేను అంతకుముందు ఎప్పుడూ తియ్యలేదు. పెళ్ళికొడుకులు ఒకరిద్దరు పరిగెత్తే ఆలోచన చేశారు గానీ అక్కడిదాకా రాలేదు.

మొదటి ఆట సముద్రం ఒడ్డు పాళెం జట్టుతో. వలలు లాగే చేతులు వాళ్ళవి. నేను అలవాటు కొద్దీ మంటపం ఎక్కినట్టు నేరుగా గీతల లోపలికి పోయి నిలబడ్డాను. అంపైరు సమాధానం సార్ విజిల్ వేశాడు. సమాధానం అన్నది ఆయన పేరే, బడిలో ఆటల మాష్టారు, నెమ్మదస్తుడు. "అన్నా, నువ్వు ఏ జట్టు?" అని అడిగాడు. జనం నవ్వారు. బయటికి వచ్చాను.

ఆట ఆఖరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానం. మస్తానమ్మ కూతకు పోయింది. కబడ్డీ కబడ్డీ అంటూ వంగి, చెయ్యి చాచి, పాళెం కెప్టెన్ పుష్పకుమారి భుజాన్ని తాకింది. తాకి వెనక్కి తిరగబోతోంది. నా కెమెరాలో మొహం కనపడలేదు, జుట్టు అడ్డం వచ్చింది. అంతే, పాతికేళ్ళుగా నా నోట్లో ఉన్న మాట దానంతట అదే బయటికొచ్చింది.

"ఒక్క నిమిషం. ఇటు చూడండమ్మా."

మస్తానమ్మ చూసింది. చూడడమే కాదు, గడ్డం కొంచెం దించి, పెదవి చివర నవ్వింది. వాళ్ళ పెళ్ళిలో నేను నేర్పిన నవ్వే అది. ఆ లోపల ఏడుగురు ఆమె మీద పడ్డారు. ఇంకో చిత్రం ఏమిటంటే, వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా నేనే తీశాను. పడ్డవాళ్ళు పడ్డట్టే, ఒకామె చీలమండ పట్టుకుని, ఒకామె నడుము పట్టుకుని, అందరూ నా వైపు తిరిగి నవ్వారు. నేను నొక్కాను. వరస కుదిరింది, వెలుతురు కుదిరింది, ఒక్కళ్ళు కూడా కన్ను మూయలేదు. ఒక్క పాయింటుతో మా జట్టు ఓడిపోయింది.

ఆ రాత్రి ఉషారాణి నాకు అన్నం పెట్టింది గానీ కూర పేరు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే మస్తానమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"బావా, ఒక మాట. ఈ ఆటలు అయ్యేలోపల నన్ను ఒక్క ఫొటో తియ్యి. నేను నీ తట్టు చూడకూడదు. జరిగేది జరిగేటప్పుడే తియ్యాల. తీస్తివా, పాత బాకీ కూడా కొట్టేస్తా."

"తియ్యలేకపోతే?"

"ఆ వడ ఫొటోని తలుపంత చేసి నీ స్టూడియోలో తగిలించు. కింద నీ పేరు రాయి."

లోపలి నుంచి ఉషారాణి, "రాయిస్తాలేవే, నేను రాయిస్తా" అంది.

ఆ వారం నేను సాధన మొదలుపెట్టాను. దోసె తిరగేసేటప్పుడు ఉషారాణిని తీశాను. దోసె రాలేదు, అట్లకాడ వచ్చింది. పిట్టగోడ మీద పెట్టిన మెతుకులకు కాకులు కొట్టుకుంటుంటే తీశాను. పిట్టగోడ వచ్చింది. చివరికి సమాధానం సార్ దగ్గరికి పోయి అడిగాను. ఆయన రెండే మాటలు చెప్పాడు. మొహం చూడొద్దన్నా, కాళ్ళు చూడు, మనిషి ఎటు పోతుందో కాలు ముందే చెప్పేస్తుంది. రెండోది, దయచేసి నోరు తెరవొద్దు.

మొదటిది నేర్చుకోవచ్చు. రెండోదానికి ఆటయ్యేదాకా మౌనవ్రతం పాటిస్తానని స్వామికి మొక్కుకున్నాను. నా మీద స్వామికి ఎంత నమ్మకమో తెలియదు గానీ ఉషారాణికి లేదు. ఉప్పునీళ్ళలో ఊరిన పెద్ద ఉసిరికాయ ఒకటి జాడీలోంచి తీసి, ఆట మొదలయ్యే ముందు నా బుగ్గలో పెట్టింది. అది ఉన్నంతసేపూ మాట రాదు. మింగడానికి లేదు, అందరి ముందూ ఉమ్మడానికి లేదు.

తరువాతి ఆదివారాలన్నీ నోరు మూసుకునే తీశాను. తలలు లేని కాళ్ళు వచ్చాయి. కాళ్ళు లేని దుమ్ము వచ్చింది. సమాధానం సార్ వీపు పన్నెండు సార్లు వచ్చింది. మా జట్టు మాత్రం వరసగా గెలుస్తూ పోయింది.

మూడో ఆటలో ఒకామె మెడలోని సూత్రాలు ఎదుటామె చెంపకు గీసుకున్నాయి. రక్తం వచ్చింది. వంటి మీద లోహం ఉండకూడదని రూలు ఉంది. సమాధానం సార్ చర్చికి పోయే మనిషి. ఆయన అంత మంది ముత్తయిదువల ముందు నిలబడి ఆ రూలు చెప్పడానికి పడిన అవస్థ నేను చూశాను. తాళి అనే మాట ఆయన నోట రాలేదు. మెటల్ అమ్మా, మెటల్, అని మెడ దగ్గర చెయ్యి ఆడించాడు. ఆడవాళ్ళు గోల చేశారు. ఆఖరికి వాళ్ళే దారి కనిపెట్టారు. బంగారం తీసి ఇంట్లో పెట్టి, పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి మెడలో వేసుకోవాలి. బ్యాంకులో బంగారం పెట్టినప్పుడు ఎటూ అందరూ చేసే పనే.

దాంతో హజరత్తయ్యకు కొత్త పని పడింది. ప్రతి ఆదివారం మూడు గంటలకు పెళ్ళాం మెడలో పసుపు తాడు కట్టాలి. "వారం వారం పెళ్ళేనా నాకు?" అని సణుగుతూ కట్టేవాడట. ఆటకు మాత్రం రాలేదు. ఆ మాట ఎత్తితే మస్తానమ్మ, రాకపోతే పోయినాడులే అనేది. అని, ఆట మొదలయ్యేముందు ఒకసారి జనం వైపు చూసేది. నేను కాళ్ళు చూడడం నేర్చుకున్నానేమో, ఆమె కాలి వేళ్ళు కూడా అటే తిరిగి ఉండేవి.

అయిదో ఆటలో ఆమె కుడిచేతి వేళ్ళు రెండు బెణికాయి. ఎడమ చేతిలో బొటనవేలు అంతకుముందే వాచి ఉంది. రెండు చేతులకూ పట్టీలు చుట్టుకుని, అయినా ఆడతానంది. ఫైనల్ మళ్ళీ పాళెం జట్టుతోనే పడింది, అదీ వాళ్ళ ఊళ్ళోనే. నాకు అదే ఆఖరి ఆదివారం.

ఆటస్థలం సరుగుడు తోపు పక్కన. తోపు అవతల సముద్రం. ట్రాక్టర్లలో, ఆటోల్లో జనం దిగారు. ఒక పక్కన పలక డప్పులు కొట్టేవాళ్ళు, ఒక పక్కన చెరుకురసం బండి. ఉషారాణి నా బుగ్గలో ఉసిరికాయ పెట్టి, "మంచిది ఏరినాను, ఈ పొద్దయినా తియ్యి" అంది. నేను నరసింహస్వామిని తలుచుకుని గీత బయట మోకాళ్ళ మీద కూర్చున్నాను.

అరగంటలో నేను తీసినవన్నీ దుమ్మే. ఆట అయిపోవడానికి రెండు కూతలు మిగిలాయనగా రెండు జట్లూ సమానం అయ్యాయి. పుష్పకుమారి మా వైపు కూతకు వచ్చింది. మావాళ్ళు పట్టుకోబోయారు, ఆమె వదిలించుకుంది. ఆ పెనుగులాటలో మస్తానమ్మ మెడలో తాడు తెగింది.

మస్తానమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆ కూతకు ఎవరికీ పాయింటు లేదని సమాధానం సార్ ఆట ఆపాడు. పసుపు కొమ్ము ఇసుకలో ఎక్కడో పడింది. పుష్పకుమారే వంగి వెతికి, చీర కొంగుకు బదులు చొక్కా అంచుకు తుడిచి, "ఇదిగో అక్కా" అని ఇచ్చింది. తాడు రెండు ముక్కలైంది. నా భార్య ఇలాంటివాటికి సిద్ధంగా ఉండే మనిషి. సంచీలోంచి కొత్త పసుపు తాడు తీసి, కొమ్ము దానికి కట్టి, చెల్లెలి మెడలో వెయ్యబోయింది.

"నువ్వు కాదక్కా" అంది మస్తానమ్మ. తన చేతులకా, పట్టీలు. ముడి పడదు. సమాధానం సార్ వాచీ చూసుకుని, టైం అవుట్, ముప్పై సెకన్లు అన్నాడు.

మస్తానమ్మ జనం వైపు తిరిగింది.

"ఏమయ్యా, చెరుకురసం బండి వెనకాల దాక్కోని ఉండే మనిషీ. ఇట్రా."

బండి వెనక నుంచి హజరత్తయ్య వచ్చాడు. తల మీద టవలు, చేతిలో సగం తాగిన గ్లాసు. ఎప్పటినుంచి వస్తున్నాడో నాకు తెలియదు. ఆమెకు తెలుసు. అతను పరిగెత్తుకుంటూ వచ్చి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక పుష్పకుమారి చేతికిచ్చాడు. ఆమె పట్టుకుంది. ఉషారాణి చేతిలోంచి తాడు తీసుకుని పెళ్ళాం మెడ వెనకకు వేశాడు. పలకలు కొట్టేవాళ్ళకు ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో, ఒక్కసారిగా గట్టిగా వాయించడం మొదలుపెట్టారు.

సమాధానం సార్, "పది" అన్నాడు.

అప్పుడు హజరత్తయ్య ఆగాడు. చేతులు ఆమె మెడ దగ్గర అలాగే పెట్టి, నా వైపు తిరిగి, పళ్ళు బయటపెట్టాడు.

నా కోసం ఆగాడు. పద్ధెనిమిదేళ్ళ కిందట నేను నేర్పిన పాఠం మర్చిపోలేదు. నా బుగ్గలో ఉసిరికాయ, "నన్ను చూడొద్దు, కానివ్వు" అని చెప్పడానికి లేదు. కెమెరాలో చూస్తే అచ్చం ఆ పాత ఫొటోనే, వడ ఒక్కటే తక్కువ. నొక్కితే నొక్కచ్చు. వేలు కూడా దాని మీదే ఉంది.

"పదిహేను" అన్నాడు సార్.

నేను కెమెరాను గుండెల దాకా దించి, మొహం సరుగుడు తోపు వైపు తిప్పుకున్నాను. నేను తియ్యడం లేదనుకుని హజరత్తయ్య పని చూసుకున్నాడు. నేను అటు చూస్తూనే నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. ఇరవై అన్నప్పుడు ఒకటి, ఇరవై అయిదు అన్నప్పుడు కొన్ని. విజిల్ పడేసరికి మూడు ముళ్ళూ పడ్డాయి.

మస్తానమ్మ ఆ ఊపునే కూతకు పోయింది. పుష్పకుమారి గ్లాసు ఎవరికో ఇచ్చి లోపలికి ఉరికింది. మస్తానమ్మ ఒకామెను తాకింది, ఇద్దరు కాళ్ళు పట్టారు. పడింది. పడ్డది పడ్డట్టే, తిరిగి చూడకుండా, మడిలో వెనక్కి జరిగినట్టు జానెడు జానెడు జరిగి, కూత ఆగేలోపు పట్టీ కట్టిన చెయ్యి నడిగీత మీద పెట్టింది. జనం లేచారు. హజరత్తయ్య టవలు గాల్లోకి విసిరాడు, మళ్ళీ దొరకలేదు. నేను కూడా అరవబోయి ఉసిరికాయ మింగినంత పని చేశాను. కెమెరా నా గుండెల మీదే ఉంది. ఆ కూత మొత్తం కళ్ళతోనే చూశాను.

నరేంద్రబాబు వచ్చాడు.

"గెలిచిన కూత వచ్చిందా అన్నా?"

ఉసిరికాయ చేతిలోకి తీసుకుని, "లేదు బాబూ" అన్నాను.

"దానికేముందిలే, ఇంకా వెలుతురు ఉండాది గదా, మళ్ళీ ఒకసారి చేయిద్దాం" అన్నాడు. అప్పుడే ఇద్దరు ముగ్గురు పోయి గీతల దగ్గర నిలబడ్డారు కూడా. పుష్పకుమారి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"చేద్దాం. కానీ ఈసారి నేను కాలు వదలను. పాయింటు కూడా మళ్ళీ లెక్క పెట్టాల."

అందరూ నా వైపు చూశారు. ఒక్క నిమిషం అనడం నా వృత్తి. నాలిక మీదికి కూడా వచ్చింది.

"వద్దు బాబూ" అన్నాను. "జరిగిపోయింది గదా."

నరేంద్రబాబుకు ఇప్పటికీ ఆ కోపం ఉంది. ఆయన మిల్లు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో, విజేతలకు అభినందనలు అన్న అక్షరాల కింద, మొదటి ఆటలో నేను తీసిన ఫొటోనే వేశారు. మస్తానమ్మ పట్టుబడి కింద పడి ఉంటుంది, ఏడుగురూ ఆమెను పట్టుకుని కెమెరా వైపు నవ్వుతుంటారు. చాలా బాగుందని అందరూ అన్నారు. పాళెం వాళ్ళు దాన్ని చూడ్డానికి ఆటో కట్టించుకుని వచ్చి పోయారు.

నేను కామాక్షయ్యగారి దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. రాహుకాలంలో పడ్డాయి స్వామీ మూడు ముళ్ళూ అన్నాను. ఆయన తాంబూలం బుగ్గకు నెట్టుకున్నారు. "మొదటిదానికి ముహూర్తం నేను పెట్టినాను. దీనికి ఎవరు పెట్టినారో నన్ను అడిగితే ఎట్ట నాయనా?" అన్నారు. నా సందేహం తీరలేదు. కానీ ఇప్పుడు పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు బుగ్గలో ఉసిరికాయ పెట్టుకుని పోతున్నాను.

ఆ ముప్పై సెకన్లలో తీసిన వాటిలో ఆకాశం నాలుగు, సమాధానం సార్ ప్యాంటు రెండు. ఒక్కటి మాత్రం నిలిచింది. దాన్ని ప్రింటు వేయించి ఫైనల్ మర్నాటి సాయంత్రం ఉషారాణితో కలిసి మస్తానమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో కొత్త గ్రైండరు, దాని మీద హజరత్తయ్య లుంగీ ఆరేసి ఉంది. అతను సిగ్గుపడుతూ కుర్చీ వేశాడు.

మస్తానమ్మ ఫొటో తీసుకుని దీపం దగ్గరికి పోయింది. ఫొటో కొంచెం పక్కకు వాలింది. హజరత్తయ్య మూడో ముడి వేస్తున్నాడు, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించేవాడిలాగా. మస్తానమ్మ అతన్ని చూడటం లేదు, నన్నూ చూడటం లేదు. ఒళ్ళంతా ఇసుక, నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటూ అవతలి గీతను చూస్తోంది. మెడ మాత్రం కొంచెం వంచింది, అతనికి అందేలా. ఒక మూల నుంచి సమాధానం సార్ చెయ్యి, వాచీతో సహా. వెనక పుష్పకుమారి, చెరుకురసం గ్లాసుతో.

మస్తానమ్మ అవేవీ చూడలేదు. వేలితో వెనకాల జనంలో వెతికింది.

"డోలాయన ఏడి బావా?"

"పలకలవాళ్ళు. అదిగో, ఎడమ పక్కన."

చూసింది. ఇద్దరి చేతుల్లోనూ పుల్లలు పైకి లేచి ఉన్నాయి. ఎవరి నోటా ఏమీ లేదు.

లోపలికి పోయి పెళ్ళి ఆల్బం తెచ్చింది. మొదటి పేజీ మీద ప్లాస్టిక్ కాగితం మెల్లగా లేపి, పట్టీ ఉన్న వేళ్ళతోనే పాత ఫొటో ఊడబెరికి, కొత్తది పెట్టింది. పట్టలేదు. వాచీ ఉన్న చెయ్యి అంచు బయటికి వచ్చింది. కత్తిరించమంటావా అని హజరత్తయ్య కత్తెర కోసం లేచాడు.

"ఉండనీయ్. ముహూర్తం చూసింది ఆయనే గదా."

ఆల్బం మూసి ఒళ్ళో పెట్టుకుంది. తరువాత పాత ఫొటోను, పద్ధెనిమిదేళ్ళ వడతో సహా, నా చేతిలో పెట్టింది.

"ఇది నీది బావా. తీసకపో."